టైర్లు మార్చాక స్పీడోమీటర్ తప్పు చూపిస్తే చలానా రద్దవుతుందా?

ప్రశ్న: మాది సూర్యాపేట. నా కారుకు కంపెనీ ఇచ్చిన టైర్లు 185/65 ఆర్15. కారు ఎత్తు పెరుగుతుంది, లుక్ బాగుంటుంది అని టైర్ల షాపు ఓనర్ చెప్తే ఇరవై నెలల కిందట 16 అంగుళాల అల్లాయ్ వీల్స్, వాటికి 205/60 ఆర్16 టైర్లు వేయించాను. మొన్న మామగారిని హైదరాబాద్‌లో గుండె డాక్టరుకు చూపించి తిరిగొస్తుంటే, 65వ నంబరు హైవే మీద 80 బోర్డున్న చోట 97లో వెళ్లానని నాలుగో రోజున ఫోటోతో సహా చలానా వచ్చింది. నా మీటరు 80 దాటలేదని దేవుడి మీద ఒట్టేసి చెప్తున్నాను. మామగారి ముందు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. టైర్ల వల్లే స్పీడోమీటర్ తప్పు చూపించిందని రాసిస్తే చలానా రద్దు చేస్తారా? షాపు మీద నష్టపరిహారం వేయొచ్చా? బిల్లు లేదు. జీఎస్టీ లేకుండా తగ్గిస్తానంటే యూపీఐలో డబ్బు పంపాను. పాత తేదీతో బిల్లు, ‘పొరపాటున పెద్ద సైజు వేశాం’ అని ఒక లెటరు ఇప్పిస్తానని మిత్రుడొకరు అంటున్నాడు. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు లెక్క చూద్దాం. మీ మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

185/65 ఆర్15 అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120.25. పైనా కిందా కలిపి 240.5. దానికి 15 అంగుళాల రిమ్ము 381 కలిపితే టైరు మొత్తం ఎత్తు 621.5 మిల్లీమీటర్లు. ఇదే లెక్కన 205/60 ఆర్16 ఎత్తు 652.4. అంటే మీ కొత్త టైరు పాతదానికంటే 5 శాతం పెద్దది. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్నదే స్పీడోమీటరుకు తెలుస్తుంది. ఒక్కో చుట్టుకు కారు 5 శాతం ఎక్కువ దూరం పోతున్న సంగతి దానికి తెలియదు. కాబట్టి మీటరు 80 చూపిస్తే కారు అసలు వేగం 84 అవుతుంది. 97 కాదు. కారు 97లో పోతుంటే మీ మీటరు కనీసం 92 చూపించి ఉండాలి.

‘కనీసం’ అని ఎందుకన్నానంటే, కంపెనీలు స్పీడోమీటర్‌ను ఉన్న వేగం కంటే కొంచెం ఎక్కువ చూపించేలా పెడతాయి. ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనల్లో 39వది దీని గురించే. మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించడానికి వీల్లేదు. ఎక్కువ చూపించినా, అసలు వేగంలో పదో వంతుకు 4 కిలోమీటర్లు కలిపితే వచ్చేంత తేడా దాటకూడదు. అంటే మీ పెద్ద టైర్లు ఆ అదనపు చూపును తినేసి, మీటరును అసలు వేగానికి దగ్గరగా తెచ్చి ఉండటానికే ఎక్కువ అవకాశం. మీరు ఒట్టు పెట్టి చెప్పినా సరే, 80కీ 97కీ మధ్య ఉన్న 17 కిలోమీటర్లలో టైర్ల మీదికి నెట్టగలిగింది 4 మాత్రమే. ఈ లెక్క మేజిస్ట్రేటు ముందు ప్రభుత్వ న్యాయవాది రెండు నిమిషాల్లో చేసి చూపిస్తాడు.

ఒకవేళ మీటరు నిజంగానే తప్పు చూపించిందనుకుందాం. అప్పుడూ మీకు కలిసొచ్చేది లేదు. మోటారు వాహనాల చట్టం 1988లో వేగ పరిమితులు సెక్షన్ 112లో, దాటితే శిక్ష సెక్షన్ 183లో ఉన్నాయి. 183లో ‘తెలిసి’, ‘ఉద్దేశపూర్వకంగా’ అన్న మాటలు లేవు. పరిమితి దాటి నడిపితే నేరం పూర్తయినట్టే. మీటరు ఎంత చూపించింది, కారులో ఎవరున్నారు అన్నవి శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తాయేమో గానీ నేరాన్ని తుడిచేయవు.

చలానాను ఎదిరించాలంటే పట్టుకోవలసింది కెమెరాను. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేర్చిన 167ఎ ప్రకారం ఆ పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి. కెమెరా ఉన్న రోడ్డుకు ముందే హెచ్చరిక బోర్డు కనబడాలి. చలానాలో కొలిచిన వేగం, తేదీ, సమయం, చోటు, నంబరు ప్లేటు కనిపించే ఫోటో ఉండాలి. నేరం జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలని 2021లో పెట్టిన నియమం. మీకు నాలుగో రోజునే వచ్చింది కాబట్టి ఆ లెక్కన ఆలస్యం అన్న మాట లేదు. 80 బోర్డు ఉందని మీరే రాశారు. కెమెరా హెచ్చరిక బోర్డు కూడా ఉండి, ఫోటోలో నంబరు మీదే అయితే, వెయ్యి రూపాయల చలానా కోసం కోర్టు చుట్టూ తిరగమని నేను చెప్పను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద కట్టేస్తే ఆ కేసు అక్కడితో ముగుస్తుంది. ఇంకోసారి ఇదే నేరానికి దొరికితే డ్రైవింగ్ లైసెన్సు స్వాధీనం చేసుకునే వీలు సెక్షన్ 183లోనే ఉంది. ఆ రెండోసారి రానీయకండి.

ఇక మీ మిత్రుడి సలహా. ఆ బిల్లు చేత్తో కూడా ముట్టుకోవద్దు. ఇరవై నెలల కిందటి తేదీ వేసి ఈ రోజు రాసిన బిల్లు తప్పుడు పత్రం. కోర్టులో చూపించాలని దాన్ని తయారు చేయించడమే దొంగ సాక్ష్యం సృష్టించడం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద, న్యాయ విచారణ కోసం దొంగ సాక్ష్యం సృష్టిస్తే ఏడేళ్ల వరకు జైలు. అది ఫోర్జరీ కిందికి వస్తే సెక్షన్లు 336, 340 కూడా తోడవుతాయి. వెయ్యి రూపాయల చలానా తప్పించుకోవడానికి ఏడేళ్ల కేసు నెత్తికెత్తుకుంటారా? షాపతను ఈ రోజు స్నేహం కొద్దీ రాసిస్తాడు. రేపు పోలీసులు జీఎస్టీ రికార్డు తెమ్మంటే, కారు ఓనరే రాయించుకున్నాడని మొదట చెప్పేదీ అతనే.

‘టైర్లు మార్చాను కాబట్టి మీటరు తప్పు చూపించింది’ అని అధికారులకు రాయడం కూడా వద్దు. అది చలానాను రద్దు చేయదు సరికదా, మీ సంతకంతో ఒప్పుకోలు అవుతుంది. కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52. ఉల్లంఘిస్తే సెక్షన్ 182ఎ(4) కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కంపెనీ మూల వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఆర్సీలో టైరు సైజు రాసి ఉండకపోవచ్చు. ఆర్సీలో చేరే వివరాలకే సెక్షన్ 52 వర్తిస్తుందని వాదించడానికి అప్పుడు చోటుంది. కేసంటూ పెడితే మీ వకీలు ఆ వాదన చేస్తాడు. వెయ్యి రూపాయల కోసం ఆ కేసును మీరే పిలిచి తెచ్చుకోవద్దు.

షాపు మీద కేసు సంగతి. చలానా డబ్బు, మామగారి ముందు పోయిన పరువు వదిలేయండి. వాటికి పరిహారం రాదు. అడగదగ్గది టైర్ల ఖరీదు, మార్చడానికయ్యే ఖర్చు, వాటితో పాటు కేసు ఖర్చులు. ఈ కేసు మొత్తం ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది. ఈ సైజు ఎవరు ఎంచుకున్నారు? ‘లుక్ కోసం పెద్దవి వేయి’ అని మీరే అడిగి వేయించుకుంటే, అడిగింది ఇచ్చానని షాపు తప్పుకుంటుంది. ‘ఈ సైజు మీ కారుకు సరిపోతుంది, ఏమీ కాదు’ అని వాళ్లు చెప్పి అమ్మితే అది సేవాలోపం. వాళ్లే చెప్పారని మీరు రాశారు. రుజువేది?

ఇక్కడ మిమ్మల్ని గట్టిగా అనక తప్పదు. టైర్లకు వేలకు వేలు పోసి, పన్ను మిగులుతుందని బిల్లు వదిలేశారు. ఆ మిగిలిన నాలుగు రూపాయలే ఈ రోజు మీ చేతిలో ఆధారం లేకుండా చేశాయి. యూపీఐ స్టేట్‌మెంటు డబ్బు వెళ్లిందని చెబుతుంది. ఏ సైజు కొన్నారో, ఎవరి సలహాతో కొన్నారో చెప్పదు.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. టైర్లు వేయించే ముందు షాపుతో వాట్సాప్‌లో మాట్లాడి ఉంటారు. ఫోటోలు, రేటు, సైజు పంపి ఉంటారు. ఆ ఫోన్ అమ్మేసినా, మార్చేసినా బ్యాకప్‌లో వెతకండి. దొరికితే ఏదీ చెరపకండి, ఫార్వర్డ్ చేయకండి, ఫోన్ రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. తర్వాత డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద గాలి ఒత్తిడి స్టిక్కరు కనబడుతుంది. కంపెనీ సైజు దాని మీదే ముద్రించి ఉంటుంది. దాన్నీ, ఇప్పుడున్న టైరు పక్కగోడ మీది 205/60 ఆర్16 అన్న అంకెల్నీ వెలుతురులో ఫోటో తీయండి. అదే పక్కగోడ మీద ‘డీఓటీ’ అని మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ‘3523’ అంటే 2023లో 35వ వారంలో తయారైన టైరు. మీ యూపీఐ చెల్లింపు తేదీకి అది సరిపోవాలి. టైరు అంతకంటే తర్వాత తయారైందని తేలితే మీ కథ అక్కడే కూలిపోతుంది.

అన్నింటికంటే ముఖ్యం కాలపరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 69 ప్రకారం కేసుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. టైర్లు వేయించి ఇరవై నెలలైంది. మీకున్నది నాలుగు నెలలు. ‘చలానా వచ్చాకే తెలిసింది’ అని వాదించవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. లీగల్ నోటీసు ఇచ్చినా, షాపుతో రాజీ మాటలు నడుస్తున్నా గడువు ఆగదు. ‘చూద్దాంలే అన్నా’ అంటూ ఆ నాలుగు నెలలూ గడిపించేస్తారు. తర్వాత ఆలస్యాన్ని మన్నించమని వినియోగదారుల కమిషన్‌ను బతిమాలుకోవాల్సి వస్తుంది.

మీరు ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు ఉండే చోటే వేయొచ్చు, షాపు ఉన్న ఊరికి వెళ్లనక్కర్లేదు. 5 లక్షల లోపు కేసులకు ఫీజు లేదు. వాట్సాప్ సంభాషణ దొరకకపోతే మాత్రం కేసు వేయొద్దని నా అభిప్రాయం. మీ మాటకు వాళ్ల మాట ఎదురు నిలుస్తుంది. అప్పుడు టైర్లు మార్పించి ఇవ్వమని ఎదురుగా కూర్చుని అడగడమే మేలు.

ఈలోగా కారు సరిచేసుకోండి. అల్లాయ్ వీల్స్ పారేయనక్కర్లేదు. మీ మోడల్లోనే పై వేరియంట్‌కు 195/55 ఆర్16 ఇస్తున్నారేమో యజమాని పుస్తకంలో చూడండి. దాని ఎత్తు 620.9 మిల్లీమీటర్లు, మీ పాత టైరుకు ఒక మిల్లీమీటరు కూడా తేడా రాదు. ఆ పుస్తకంలో ఉంటేనే వేయించండి. రిమ్ము వెడల్పు, టైరు మోసే బరువు సూచిక కూడా అందులో చెప్పినట్టే ఉండాలి. పుస్తకంలో లేకపోతే మళ్లీ 15కే రండి.

మార్చాక అల్లాయ్ వీల్స్ సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి పాలసీలో నమోదు చేయించండి. ప్రమాదంలో ఎదుటివారికి దెబ్బ తగిలితే టైరు సైజు సాకుతో కంపెనీ తప్పించుకోవడం సులభం కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150లో వాళ్లకున్న అభ్యంతరాలు కొన్నే. మీ కారు రిపేరు క్లెయిము దగ్గర మాత్రం, చెప్పకుండా చేసిన మార్పని సర్వేయరు రాస్తే మొత్తం తగ్గించడానికో తిరస్కరించడానికో అది వాళ్ల చేతికి దొరికిన కారణం అవుతుంది.

ఇంకో సంగతి. ఓడోమీటరు కూడా ఇన్నాళ్లూ 5 శాతం తక్కువే లెక్కపెట్టింది. 10,000 కిలోమీటర్లు తిరిగితే దాదాపు 9,500 అని చూపించి ఉంటుంది. సర్వీసుకు ఆ మేరకు ముందే తీసుకెళ్లండి. రేపు కారు అమ్మేటప్పుడు ఈ సంగతి కొనేవాడికి రాతలో చెప్పండి. లేదంటే ఇప్పుడు మీరు షాపు మీద వేయాలనుకుంటున్న కేసే అప్పుడు అతను మీ మీద వేస్తాడు.