పంప్ పెట్టించాం.. అయినా షుగర్ 380 ఎందుకొచ్చింది?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఎనిమిదో ఏట నుంచి టైప్-1 డయాబెటిస్ ఉంది. నాలుగు నెలల కిందట ఇన్సులిన్ పంప్ పెట్టించాం. మొదట్లో బాగానే ఉంది. మొన్న ఒకరోజు పొద్దున లేచేసరికి షుగర్ 380, వాంతులు. పంప్ మాత్రం అలారం కొట్టలేదు. అతికించిన చోట దురద, దద్దుర్లు కూడా వస్తున్నాయి. ‘ఇది తీసేద్దాం, ఇంజెక్షన్లే నయం’ అంటోంది. ఇంత ఖర్చు పెట్టాక తీసేయాలా? మాకేం తోచడం లేదు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: తీసేయాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ రోజు జరిగిందేమిటో మీ ఇంట్లో అందరికీ తెలియాలి.

పంప్ అంటే సన్న గొట్టం ద్వారా ఒంట్లోకి కొద్దికొద్దిగా ఇన్సులిన్ పంపే చిన్న మెషీన్. అందులో వేసేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. ఇన్సులిన్ పెన్‌తో ఇంజెక్షన్లు వేసుకున్న రోజుల్లో రోజంతా పనిచేసే ఇన్సులిన్ కూడా వేసేవారు కాబట్టి ఒంట్లో ఎంతోకొంత నిల్వ ఉండేది. ఇప్పుడా నిల్వ లేదు. చర్మం కింద ఉండే సన్న గొట్టం రాత్రి నిద్రలో మడత పడితే చాలు, నాలుగైదు గంటల్లో కీటోన్లు (ఇన్సులిన్ అందక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటే రక్తంలో చేరే ఆమ్లాలు) మొదలవుతాయి, తెల్లారేసరికి వాంతులు. మీ అమ్మాయికి బహుశా ఇదే జరిగింది. అలారం ఎందుకు రాలేదంటారా? గొట్టంలో ఒత్తిడి బాగా పెరిగితేనే అది మోగుతుంది. రాత్రిపూట ఇన్సులిన్ చుక్కచుక్కగా వెళ్తుంది కాబట్టి ఒత్తిడి పెరగడానికి గంటలు పడుతుంది. గొట్టం బయటికి జారి ఇన్సులిన్ చర్మం మీదికి కారిపోతుంటే అసలు మోగదు. అతికించిన చోట తడిగా ఉండి ఆస్పత్రి వాసన లాంటిది వస్తే కారుతోందనే అర్థం.

అందుకే కారణం లేకుండా షుగర్ 250 దాటితే వెంటనే కీటోన్ పరీక్ష చేయండి. కీటోన్లు లేకపోతే పంప్‌తోనే కరెక్షన్ డోసు (పెరిగిన షుగర్‌ను దించే అదనపు ఇన్సులిన్) ఇచ్చి, గంట తర్వాత మళ్లీ చూడండి. తగ్గకపోయినా, మొదటే కీటోన్లు కనిపించినా ఇక పంప్‌ను నమ్మొద్దు. డోసు త్వరగా పనిచేసే ఇన్సులిన్ పెన్‌తో వేయండి, సెట్ (చర్మానికి అతికించే గొట్టం, అతుకు) తీసేసి మరోచోట కొత్తది పెట్టండి, నీళ్లు బాగా తాగించండి. రక్తంలో కీటోన్లు 1.5 దాటితే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. 3 దాటినా, వాంతులు ఆగకపోయినా ఇంట్లో ఉంచుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కొత్త సెట్ పడుకునే ముందు పెట్టే అలవాటుంటే మానండి. పగలు పెడితే రెండు మూడు గంటల తర్వాత షుగర్ చూసి సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలుసుకోవచ్చు.

ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మన మెడికల్ షాపుల్లో చాలా ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి తగ్గ సిరంజి కూడా 40దే. పంప్‌లో వాడేది 100 యూనిట్లది. కంగారులో పంప్ ఇన్సులిన్‌ను 40 సిరంజితో లాగి గీతలు చూసి వేస్తే రెండున్నర రెట్ల డోసు లోపలికి పోతుంది. షుగర్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పెన్ ఎప్పుడూ సిద్ధంగా ఉంచమని నేను పదేపదే చెప్పేది ఇందుకే. ఫ్రిజ్‌లో రోజంతా పనిచేసే ఇన్సులిన్ పెన్ కూడా ఒకటి ఉండాలి. పంప్ సెట్టింగులన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మెషీన్ పాడైన రోజు ఏ డోసు వేయాలో డాక్టర్ చెప్పగలిగేది వాటిని బట్టే.

దురద సంగతి. ఖమ్మం ఎండల్లో చెమటకు అతుకు ఊడటం, దద్దుర్లు రావడం మామూలే. కొబ్బరినూనె, పౌడర్ రాసిన చర్మం మీద ఏదీ నిలవదు, చర్మం కడిగి పూర్తిగా ఆరాకే అతికించాలి. చర్మానికి, జిగురుకు మధ్య పొరలా పనిచేసే వైప్స్ దొరుకుతాయి. అవి వాడినా తగ్గకపోతే జిగురు పడటం లేదేమో, వేరే రకం సెట్ అడగండి. ఎర్రబడి నొప్పి, చీము ఉంటే మాత్రం వెంటనే తీసేసి డాక్టర్‌కు చూపించాలి. ఖర్చుకు వెనకాడి సెట్‌ను ఐదారు రోజులు లాగే ఇళ్లు నాకు చాలా తెలుసు. తప్పు పట్టను, ఆ ఖర్చు చిన్నదేం కాదు. కానీ రెండు మూడు రోజులు దాటితే గొట్టం మూసుకుపోవడం, ఇన్ఫెక్షన్ పెరుగుతాయి. ఒకేచోట పదేపదే పెడితే గడ్డలు కట్టి ఇన్సులిన్ సరిగ్గా ఒంటికి పట్టదు. ఎండలో నిలిపిన కారులో పంప్ గానీ, ఇన్సులిన్ గానీ వదలొద్దు. 37 డిగ్రీలు దాటిన వేడికి ఇన్సులిన్ పాడవుతుంది.

ఇక తీసేయడం గురించి. కొన్నాళ్లు పంప్ పక్కన పెట్టి పెన్‌కు మారడం తప్పేం కాదు, డాక్టర్ డోసులు లెక్కగట్టి ఇస్తే నిక్షేపంగా చేయొచ్చు. ఎవరికీ చెప్పకుండా తనే ఊడదీసి బ్యాగులో పడేస్తే మాత్రం ప్రమాదం. ‘ఇంత డబ్బు పోశాం’ అని ఆమె ముందు అనకండి, అలా అంటే ఇబ్బందులు దాచేస్తుంది. ఆ వయసులో డ్రెస్ కింద ఉబ్బెత్తుగా కనిపించడం, క్లాసులో బీప్ వచ్చి అందరూ తిరిగి చూడటం షుగర్ కంటే పెద్ద టెన్షన్. వైబ్రేషన్ మోడ్ పెట్టుకోవచ్చు, చున్నీ కింద నడుముకు బెల్టుతో కట్టుకోవచ్చు. పబ్లిక్ పరీక్షలకు, ఎంట్రన్స్‌లకు ఎలక్ట్రానిక్ వస్తువులు రానివ్వరు కాబట్టి డాక్టర్ సర్టిఫికెట్‌తో కాలేజీ ద్వారా అనుమతి కోసం ఇప్పుడే అడగండి, హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తొద్దు. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు కాసేపు మీరు బయట కూర్చుని అమ్మాయిని ఒంటరిగా మాట్లాడనివ్వండి. భోజనానికి ముందు పంప్‌తో వేసుకోవాల్సిన డోసు (బోలస్) ఎన్నిసార్లు మర్చిపోతోందో, ఎందుకు మర్చిపోతోందో మీ ముందు చెప్పదు.