లేజర్ పెట్టిస్తే మోకాళ్ళ గుజ్జు మళ్ళ వస్తదా? పాఠకుల ప్రశ్నలకు ఫిజియో మేడం జవాబులు

పోయిన నెల మోకాళ్ళ నొప్పుల గురించి రాసేటప్పుడు లేజర్ థెరపీ (నొప్పి ఉన్న చోట లేజర్ వెలుతురు పెట్టుడు) మాట ఒక్క లైన్ల అని వదిలేసిన, ఇగ ఆ ఒక్క లైన్ పట్టుకొనే ఈసారి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు మస్తు వచ్చినయి. అన్నీ వేయలేం గదా, ఒకే తీరు ప్రశ్నలు కలిపి కొన్నిటికి చెప్తున్న.

ప్రశ్న: మేడం, మా అమ్మకు 58 ఏళ్ళు. నాట్లు ఏసుడు, పత్తి ఏరుడు అన్నీ చేసిన మనిషి. రెండు మోకాళ్ళు అరిగినయని ఎక్స్‌రే చూసి చెప్పిన్రు. హన్మకొండల ఒక క్లినిక్‌కు తీస్కపోతే 15 సిట్టింగుల లేజర్ ప్యాకేజీ తీస్కోండి, గుజ్జు తిరిగొస్తది, ఆపరేషన్ అవసరమే పడదు అన్నరు. పైసలు ముందే మొత్తం కట్టాలంట. కట్టమంటరా?
(పరకాల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందుగాల గుజ్జు సంగతి. రాదు. అరిగిన గుజ్జును, అదే మృదులాస్థిని, లేజర్ మళ్ళ పెంచుతదని మనుషుల మీద ఎవరూ నిరూపించలేదు, ఆ మాట అన్న చోట పైసలు కట్టకముందే లేచి వచ్చేయొచ్చు. నొప్పి తగ్గుతదా అంటే మాత్రం, తగ్గే అవకాశం ఉంది, కానీ డోసు, అంటే పెట్టే వెలుతురు శక్తి, సరిగ్గ ఉంటేనే. 2019ల ఒక పెద్ద పరిశీలన వచ్చింది, మోకాళ్ళ అరుగుదల ఉన్న 1063 మంది మీద జరిగిన 22 ట్రయల్స్‌ను, అంటే రోగుల మీద చేసిన పరీక్షలను, కలిపి చూసిన్రు. సిఫార్సు చేసిన డోసు ఇచ్చిన చోట నొప్పి బాగనే తగ్గింది, డోసు తప్పిన చోట ఉత్తుత్తి లేజర్ పెట్టినదానికి దీనికి పెద్ద తేడా కనవడలేదు. అట్లని అందరూ ఒప్పుకున్నరా అంటే అదీ లేదు, ఇంగ్లండ్ల సర్కారు దవాఖానలకు గైడ్‌లైన్స్ రాసే నైస్ అనే సంస్థ 2022ల కీళ్ళ అరుగుదలకు లేజర్ ఇవ్వొద్దనే రాసింది. నేనైతే మధ్యల ఉన్న, నొప్పి ఎక్కువ ఉండి ఎక్సర్‌సైజ్ చేయలేకపోతున్న మనిషికి మొదట్ల రెండు మూడు వారాలు తోడుగ ఇస్త, ఒట్టిగ లేజర్ మాత్రమే అంటే ఇయ్య.

ఇగ క్లినిక్ల ఏం అడగాలె అంటే, మిషన్ ఎన్ని నానోమీటర్లది (వెలుతురు తరంగం పొడుగు కొలత), ఒక్కో పాయింట్‌కు ఎన్ని జౌల్స్ (శక్తి కొలత) పెడుతున్నరు, ఈ రెండు ముక్కలు అడగండి, సిగ్గు పడాల్సిన పనేం లేదు, పైసలు మీయి. 785 నుంచి 860 నానోమీటర్ల మధ్యల ఉన్న మిషన్ అయితే పాయింట్‌కు 4 నుంచి 8 జౌల్స్, 904 నానోమీటర్లది అయితే 1 నుంచి 3 జౌల్స్, ఆ 2019 పరిశీలనల పని చేసిన డోసులు ఇవే. లెక్క కష్టమేం కాదు, 100 మిల్లీవాట్ల ప్రోబ్‌ను (వెలుతురు వచ్చే కొనను) ఒక పాయింట్ మీద 40 సెకన్లు పెడితే 4 జౌల్స్. మోకాలి చుట్టూ పాయింట్లు మార్చుకుంట, ప్రోబ్‌ను ఒంటికి ఆనించి నిలువుగ పట్టుకోవాలె. దూరంగ పట్టుకొని అటు ఇటు ఊపుకుంట పక్కోళ్ళతోని ముచ్చట పెడుతున్నరంటే ఆ సిట్టింగ్‌ల ఎంత డోసు పోయిందో ఎవరికీ లెక్క ఉండదు. ప్యాంటు మీదికెళ్ళి, జండూబామ్ రాసిన చర్మం మీదికెళ్ళి పెట్టుడు కూడా అంతే. ఎక్కువ పెడితే ఎక్కువ గుణం అనుకోకండి, పొలానికి యూరియా లెక్కనే ఇది, తక్కువైతే పని చేయదు, ఎక్కువైతే ఉన్న గుణం కూడా పోతది.

15 సిట్టింగులకు ముందే కట్టకండి. వారానికి రెండు మూడు లెక్కన ఐదారు చేయించి చూడండి, రాత్రి నిద్ర, మెట్లు, కూసొని లేచుడు, వీటిల ఏమన్న మార్పు ఉంటే ముందుకు పోండి, లేకపోతే ఆపేయండి. అదే టైంల ఇంటికాడ రోజూ ఎక్సర్‌సైజ్ నడవాలె. కాలు చాపి మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి కిందికి అదిమి ఐదు సెకన్లు పట్టి వదులుడు, పండుకొని కాలు నిటారుగ జానెడెత్తు లేపుడు, కుర్చీల కూసొని కాలు ముందుకు చాపుడు, ఒక్కోటి పదిసార్లు, పొద్దున సాయంత్రం. తొడ ముందటి కండ బలంగ ఉంటే మోకాలి మీద భారం తగ్గుతది. అమ్మ బరువు ఎక్కువ ఉంటే, ఒక్క కిలో తగ్గినా నడిచేటప్పుడు అడుగడుగుకు మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతదని లెక్కలు ఉన్నయి. బాత్రూంకు కమోడ్ కుర్చీ కొనండి, కింద కూసునే పొయ్యి కాడ ఎత్తు పీట పెట్టండి. ప్యాకేజీకి కట్టే పైసలల్ల ఇవన్నీ వస్తయి, ఇంకా మిగులుతయి.

ప్రశ్న: డిగ్రీ ఫిజిక్స్ స్టూడెంట్‌ను. వేడి లేదు, కరెంట్ షాక్ లేదు, ఉత్త ఎర్ర లైటు ఒంట్ల పోయి నొప్పి ఎట్ల తగ్గిస్తది? ఇది నిజంగ సైన్సేనా?
(కాజీపేట)

జవాబు: అడగాల్సిన ప్రశ్ననే అడిగినవు తమ్ముడూ. 1960ల మైమన్ మొదటి రూబీ లేజర్ చేసిండు గదా, ఆ తర్వాత కొన్నేండ్లకు, 1967ల బుడాపెస్ట్‌ల ఎండ్రే మెస్టర్ అనే డాక్టర్ వెంట్రుకలు గీకిన ఎలుకల వీపుల మీద లేజర్ పెట్టి చూసిండు. గడ్డలు కరుగుతయేమో, కాన్సర్ వస్తదేమో అని చూస్తుంటే, ఆయన మిషన్‌కు పవర్ తక్కువ ఉండి అవేం కాలేదు గానీ లేజర్ పెట్టిన ఎలుకలకు వెంట్రుకలు జల్ది మొలిచినయి, అట్ల మొదలైంది ఈ కథంతా. ఇప్పుడు ఎక్కువ మంది చెప్పేదేందంటే, 600 నుంచి 1000 నానోమీటర్ల మధ్యల ఉన్న వెలుతురు చర్మం లోపలికి కొంత దూరం దిగుతది, కణాలల్ల శక్తి తయారుచేసే మైటోకాండ్రియాల ఉండే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని పీల్చుకుంటది, దానికి అతుక్కొని పని ఆపుతున్న నైట్రిక్ ఆక్సైడ్ ఊడిపోతది, కణాలు ఇంధనం లెక్క వాడుకునే ఏటీపీ ఎక్కువ తయారైతది, వాపు కొంచెం తగ్గుతది. నొప్పి మోసే సన్న నరాలు కొంచెంసేపు మందగిస్తయని కూడా చూసిన్రు. మొత్తం గొలుసు మనిషి ఒంట్ల లింకు లింకు తేలిందని నేను అనను, కానీ గాలి మాటలైతే కాదు. లోతు మాత్రం గుర్తుపెట్టుకో, మెడ, మోచేయి, మడమ లెక్క పైపైన ఉన్న చోట్లకు అందుతది, తుంటి కీలు అంత లోతుకు దాదాపు ఏం చేరదు.

ప్రశ్న: బ్యాంకుల పని, పొద్దందాక కంప్యూటర్. మెడ నొప్పికి ఆన్‌లైన్‌ల పెన్ను లెక్క ఉన్న రెడ్ లైట్ లేజర్ కొన్న. రోజూ రెండు నిమిషాలు పెట్టుకుంటున్న, ఏం తేడా లేదు.
(హన్మకొండ)

జవాబు: తేడా ఉండదు, లెక్క వేద్దాం. గసుంటి పెన్నులు చాలామట్టుకు 5 మిల్లీవాట్లయి. 4 జౌల్స్ పోవాలంటే ఒక్క పాయింట్‌కే 800 సెకన్లు, అంటే 13 నిమిషాల పైన, మెడ మీద అసుంటి పాయింట్లు ఎన్నో. క్లినిక్‌ల వాడేవి చాలామట్టుకు క్లాస్ 3బి అనే పవర్ తరగతివి, 5 నుంచి 500 మిల్లీవాట్ల మధ్యల ఉంటయి. మెడ నొప్పికి లేజర్ ఆధారం మోకాళ్ళ కంటే కొంచెం నయమే, 2009ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల 16 ట్రయల్స్, 820 మంది లెక్క వచ్చింది, పాత నొప్పులకు ట్రీట్‌మెంట్ అయిపోయినంక 22 వారాల దాకా కూడా గుణం కనవడ్డదని రాసిన్రు. కానీ స్క్రీన్ కంటి ఎత్తుకు లేపకుండ, అరగంటకోసారి లేవకుండ, భుజాల రెక్కలు వెనక్కి కలిపే ఎక్సర్‌సైజ్ చేయకుండ ఏ లేజర్ పెట్టించినా నొప్పి మళ్ళ వస్తది. చేయి కిందికి తిమ్మిర్లు దిగుతుంటే, పట్టు తగ్గి వస్తువులు జారిపోతుంటే లేజర్ కాదు, డాక్టర్‌కు చూపియ్యండి.

ప్రశ్న: మిరప తోట మాది. షుగర్ పదేండ్ల నుంచి ఉంది. ఎడమ భుజం పట్టేసింది, అంగీ తొడుక్కోరాదు, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిల్లలేను. ఇంజక్షన్ చేయించుకోవాల్నా, లేజర్ చేయించుకోవాల్నా? కాళ్ళల్ల తిమ్మిర్లకు కూడా అదే లేజర్ పని చేస్తదా?
(నర్సంపేట)

జవాబు: షుగర్ ఉన్నోళ్ళకు భుజం పట్టుకునుడు మామూలోళ్ళ కంటే ఎక్కువనే, షుగర్ కంట్రోల్ల లేకపోతే భుజం కూడా సతాయిస్తది. ఇంజక్షన్ నొప్పికి జల్దినే పని చేస్తది కానీ అది స్టెరాయిడ్, కొన్ని రోజులు షుగర్ పెరుగుతది, డాక్టర్‌కు ముందే చెప్పి చేయించుకోండి. లేజర్‌తోని షుగర్ పెరుగుడు ఉండదు, నొప్పి కొంత తగ్గుతది, ఆ తగ్గినప్పుడే చేయి కదిలియ్యాలె. ముందుకు వంగి చేయి వేలాడేసి గడియారం లోలకం లెక్క ఊపుడు, గోడ మీద వేళ్ళు పాకిచ్చుకుంట పైకి పోవుడు, రోజు మూడుసార్లు. ఇది తగ్గేటందుకు ఏడాది రెండేండ్లు కూడా పడుతది, నెలల పోతదన్నోళ్ళ మాట నమ్మకండి.

కాళ్ళ తిమ్మిర్లకు లేజర్ మీద ట్రయల్స్ చిన్నయి, నేను పైసలు పెట్టమని చెప్పను. అంతకంటే ముఖ్యమైంది ఒకటి ఉంది, స్పర్శ తెలియని పాదాలకు వేడి నీళ్ళ బ్యాగు, హీట్ ల్యాంప్ ఎవరు పెట్టినా ఒప్పుకోకండి, కాలినా తెలవదు, అట్ల కాలిన పాదాలు చాలా చూసినం. తక్కువ పవర్ లేజర్‌కు వేడి ఉండదు, కానీ ఇప్పుడు కొన్ని చోట్ల క్లాస్ 4 అని పెద్ద పవర్‌వి వచ్చినయి, అవి వేడెక్కుతయి, పైగా మన లెక్క నల్లటి చర్మం వెలుతురును ఎక్కువ పీల్చుకొని ఇంకా జల్ది వేడెక్కుతది. పాదాలకు అది వద్దే వద్దు.

ప్రశ్న: సింగరేణిల చేసి రిటైరైన మా నాయినకు పక్షవాతం వచ్చి మూడు నెలలు. కుడి చేయి, కాలు పడిపోయినయి. తలకు లేజర్ పెడితే లేస్తడని ఒకరు చెప్పిన్రు.
(గోదావరిఖని)

జవాబు: తలకు లేజర్ మీద నెస్ట్ అని వరుసగ మూడు ట్రయల్స్ చేసిన్రు, అదీ పక్షవాతం వచ్చిన 24 గంటల లోపల. మూడోది 2012ల మధ్యలనే ఆపేసిన్రు, ఉపయోగం కనవడ్తలేదని. మూడు నెలలైనంక పెడితే ఏమొస్తదమ్మా. ఆ పైసలతోని ఇంటికొచ్చి నడిపిచ్చే ఫిజియోను పెట్టుకోండి, కూసునుడు, నిలబడుడు, గ్లాసు పట్టుకునుడు, రోజుకు ఎన్నిసార్లు చేయిస్తే అంత. ఇంకోటి, మంచం మీదికెళ్ళి లేపేటప్పుడు పడిపోయిన చేయి పట్టి గుంజకండి, చంక కింద చేతులేసి ఎత్తకండి, భుజం కీలు జారి ఆ నొప్పి ఇంకో రోగమైతది. నడుముకు తుండు కట్టి దాన్ని పట్టుకొని లేపండి.

చిన్న ప్రశ్నలు కొన్ని, గబగబ:

మోకాలు మార్పిడి అయిన కాలికి, లోపల రాడ్ ఉన్న కాలికి లేజర్ పెట్టొచ్చా (జనగామ)? తక్కువ పవర్‌ది పెట్టొచ్చు, లోహం వేడెక్కదు. డయాథర్మీ అని వేడి పుట్టించే మిషన్ మాత్రం అసలు వద్దు.

పేస్‌మేకర్ ఉంది (ములుగు). లేజర్ కరెంట్‌ను ఒంట్లకు పంపియ్యదు గనుక దానితోని ఇబ్బంది లేదు, కరెంట్ పెట్టే టెన్స్, ఐఎఫ్‌టీ మిషన్లకు ఒప్పుకోకండి. ఏది పెట్టినా పేస్‌మేకర్ సంగతి ముందే చెప్పండి.

కడుపుతోని ఉన్న, నడుము నొప్పి (భూపాలపల్లి). నడుము మీద, పొట్ట మీద లేజర్ వద్దమ్మా.

కాన్సర్ ఉన్నోళ్ళకు (జమ్మికుంట)? గడ్డ ఉన్న చోట నొప్పికని మేం పెట్టం. కానీ నోటి కాన్సర్‌కు రేడియేషన్ పెట్టేటప్పుడు నోరు పుండ్లు కాకుండ లేజర్ పెట్టే పద్ధతి ఉంది, కాన్సర్ డాక్టర్ల గైడ్‌లైన్స్‌లనే ఉంది, అది వాళ్ళు చూసుకొని పెట్టేది, మీరు వాళ్ళనే అడగండి.

లైటు కనవడ్తలేదు, మిషన్ ఖరాబైందా, కళ్ళద్దాలు మాకు ఇయ్యలేదు, లేజర్ పెట్టే ఆమె ఒక్కతే పెట్టుకుంది (మహబూబాబాద్)? 808, 904 నానోమీటర్ల వెలుతురు కంటికి కనవడదు, కనిపించే ఎర్ర చుక్క ఒట్టి గుర్తు కోసం పెట్టిందే. కనవడదు గనుకనే కన్ను రెప్ప మూసుకోదు, నేరుగ పడితే లోపలి రెటీనా కాలిపోతది. గదిల ఎంతమంది ఉంటే అంతమందికి, ఆ నానోమీటర్లకు తగ్గ కళ్ళద్దాలు ఇయ్యాలె, చలువ అద్దాలు పనికిరావు. ఇయ్యకపోతే అడగండి, అడిగినా ఇయ్యకపోతే ఆ రోజు చేయించుకోకుండ వచ్చేయండి.