చిట్టెలుకలు పోవాలంటే ముందు వెతకవలసినది అవి వచ్చే సందును

బోను పెట్టినా చిట్టెలుకలు తగ్గడం లేదనీ, ఇంట్లో రెండేళ్ల పాప ఉన్నందువల్ల ఎలుకల మందు పెట్టడానికి భయంగా ఉందనీ, ఇవి మళ్లీ రాకుండా పోయే మార్గం ఏదైనా ఉందా అనీ మీరు అడిగారు. సరిగ్గా ఇదే చిక్కులో మేము 2021 డిసెంబరు నుంచి దాదాపు మూడు నెలలు గడిపాము. అందులో మొదటి రెండు నెలలు వృథాగా పోయాయి. ఎందుకు పోయాయో చెబితే మీకు ఎక్కువ ఉపయోగం కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

అప్పట్లో మేము తెనాలి శివార్లలో ఒక ఇంటి కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్లము. వెనుక ప్రహరీ దాటితే వరి పొలాలే. కోతలై, పొలంలో తిండీ మరుగూ రెండూ పోయాక ఎలుక జాతి అంతా ఇళ్ల వైపు మళ్లుతుంది కాబట్టి, ఆ నెలలో మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇదే మాట వినిపించేది. అందరిలాగే మేమూ ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లి, ఎక్కువగా అమ్ముడయ్యే పెద్ద తీగల బోను కొని, అందులో మసాలా వడ ముక్క పెట్టి పడుకున్నాము. తెల్లవారి చూస్తే వడ లేదు, బోను తలుపు మాత్రం తెరిచే ఉంది. మరునాడు తలుపు పడి ఉంది, లోపల ఎలుక లేదు. నాలుగైదు రోజులు ఇలా విందు పెట్టాక తెలిసింది, ఆ బోను పెద్ద ఎలుకల కోసం చేసినదని. చిట్టెలుక బరువుకు దాని కొక్కెం కదలదు, ఒకవేళ కదిలి తలుపు పడినా తీగల మధ్య సందులోంచి అది నింపాదిగా బయటికి వచ్చేస్తుంది. మీ బోను కూడా అదే రకమేమో ముందు చూసుకోండి.

అసలు ఇంట్లో తిరుగుతున్నది ఏ జంతువో తెలుసుకోవడం కూడా ముఖ్యమే. బియ్యపు గింజంత, రెండు కొనలూ సన్నగా ఉన్న నల్లటి పెంటికలు గోడ వారగా చాలా చోట్ల కనిపిస్తే అవి చిట్టెలుకలవి. పెద్ద ఎలుక పెంటిక దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. పెరట్లో మట్టి కుప్పలుగా తోడి పోసి ఉంటే అది పందికొక్కు, దానితో వ్యవహారం వేరు. ముక్కు పొడవుగా, మొనదేలి, ఒక రకమైన వాసనతో, కిచకిచమంటూ గోడ పక్కన పరుగెత్తేది చుంచు. అది ఎలుక జాతిదే కాదు. బొద్దింకలను, పురుగులను తిని బతుకుతుంది కనుక తలుపు తీసి దాని దారిన దానిని పోనివ్వడం మంచిది.

బోనుతో విసిగిపోయి నేను చేసిన రెండవ పొరపాటు మందు పెట్టడం. అమ్మ వద్దన్నది, వినాయకుడి వాహనాన్ని మందు పెట్టి చంపడమేమిటని. కొట్టు ఆయన మాత్రం, ఈ బిళ్ల తిన్న ఎలుక దాహంతో నీళ్లు వెతుక్కుంటూ బయటికి పోయి చస్తుందని భరోసా ఇచ్చాడు. ఈ మాట చాలా చోట్ల వింటాము గాని ఇందులో నిజం లేదు. బ్రోమాడియోలోన్ కలిసిన ఆ బిళ్లలు రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తాయి, తిన్న మూడు నాలుగు రోజులకు లోపలి రక్తస్రావంతో ఎలుక చనిపోతుంది, చనిపోయేది కూడా సాధారణంగా తన గూటిలోనో దాని దగ్గరలోనో. మా ఇంట్లో అది వంటింటి గట్టు కింద బిగించిన చెక్క అరల వెనుక చచ్చింది. వడ్రంగిని పిలిచి అరలు ఊడదీయించే వరకు వారం రోజులు ఆ వాసనలోనే వండుకున్నాము. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు బోధపడింది.

మీ ఇంట్లో పాప ఉన్నదన్నారు కాబట్టి ఇంకొక్క మాట. రక్తం గడ్డకట్టనివ్వని మందులకు విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది. కానీ నల్లపొడిగా అమ్మే జింక్ ఫాస్ఫైడ్‌కు, పసుపు భాస్వరం కలిసిన ఎలుకల పేస్టుకు విరుగుడు లేదు. ఆ పేస్టు కాలేయాన్ని పాడుచేస్తుంది, పైగా చూడటానికి పళ్ల పేస్టులా ఉంటుంది. ఈ రెండింటినీ పిల్లలున్న ఇంటి గడప దాటనివ్వకండి. పొరపాటున పిల్లలు ఏ ఎలుకల మందునైనా నోట్లో పెట్టుకున్నారని అనుమానం కలిగితే, బాగానే ఆడుకుంటున్నారు కదా అని ఆగకుండా ఆ మందు ప్యాకెట్‌తో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, ఎందుకంటే వీటి లక్షణాలు రెండు మూడు రోజుల తర్వాత గాని బయటపడకపోవచ్చు.

మాకు దారి చూపించినది అమ్మే. ఒక రాత్రి అందరూ పడుకున్నాక ఆమె వంటింట్లోనూ హాలులోనూ గోడల వెంట ముగ్గుపిండి పలుచగా చల్లింది. చిట్టెలుకలు గది మధ్యలోంచి నడవవు, గోడకు ఒరుసుకుంటూ పోతాయి. పొద్దున లేచి చూస్తే ఆ పిండి మీద చిన్న చిన్న అడుగులు, మధ్యలో తోక గీసిన సన్నని గీత స్పష్టంగా కనిపించాయి. ఆ జాడలన్నీ రెండే చోట్లకు చేరాయి. ఒకటి, బయట పెట్టిన గ్యాస్ సిలిండరు నుంచి గొట్టం లోపలికి రావడానికి గోడకు కొట్టిన రంధ్రం. గొట్టం అందులో సగం కూడా నిండదు. మూడేళ్లుగా రోజూ చూస్తున్న ఆ రంధ్రం ఎలుకలకు సింహద్వారమని మాలో ఒక్కరికీ తట్టలేదు. రెండవది, సింకు నీళ్లు పోయే పైపు గోడలోకి దిగే చోట పగిలిన సిమెంటు. పాప పాకే ఇల్లయితే పిండి రాత్రి చల్లి తెల్లవారగానే తడిగుడ్డతో తుడిచేయండి.

చిట్టెలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు. కొలబద్ద అక్కరలేదు, పెన్సిలు దూరే ప్రతి సందులోంచీ చిట్టెలుక దూరుతుందని అనుకోండి. ఈ లెక్కన ఒక ఆదివారం టార్చిలైటు, పెన్సిలు పట్టుకొని ఇల్లంతా వెతికితే ఇంకా ఐదు చోట్లు దొరికాయి: పెరటి తలుపు కింద అరిగిపోయిన చెక్క, ఏసీ పైపు వచ్చే రంధ్రం, స్నానాల గది జాలీ మూత విరిగిన మూల, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను చుట్టూ ఉన్న ఖాళీ, కరెంటు తీగలు పైకి పోయే గొట్టం. వీటిని గుడ్డపేలికలతోనో థర్మాకోల్‌తోనో మూస్తే ఒక్క రాత్రి కూడా ఆగవు, నురుగులా పోసి గట్టిపడే సీలెంటును సైతం అవి కొరికేస్తాయి. గిన్నెలు తోమే స్టీలు పీచును రంధ్రంలో గట్టిగా కూరి దాని మీద సిమెంటు మెత్తితే కొరకలేవు. పాత మేస్త్రీలు సిమెంటులో గాజు పెంకులు కలిపి పూసేవారు, అదీ పనిచేస్తుంది. గాలి ఆడవలసిన చోట్ల పావు అంగుళం కంటే సన్నని కన్నులున్న ఇనుప జాలీ బిగించాము. తలుపు కిందికి అల్యూమినియం పట్టీ వేయించాము, రబ్బరు పట్టీ ఒక్కటే అయితే నమ్మలేము. గ్యాస్ గొట్టాన్ని మార్చినప్పుడు చూస్తే పాత దాని మీద పళ్ల గాట్లు ఉన్నాయి. అది చూశాక మా నాన్నగారు ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. మీ ఇంట్లో ఇంకా మామూలు రబ్బరు గొట్టమే ఉంటే, లోపల తీగల అల్లిక ఉన్న గొట్టానికి ఈ వారమే మార్చండి.

సందులన్నీ మూశాక లోపల మిగిలినవాటిని పట్టడం ఆశ్చర్యపడేంత తేలికయింది. కొత్త వస్తువంటే పెద్ద ఎలుకకు అనుమానం, కొన్ని రోజులు దాని దగ్గరికే పోదు. చిట్టెలుకకు మాత్రం కొత్తదంటే కుతూహలం, అందుకే అది మొదటి రెండు మూడు రాత్రుల్లోనే పడుతుంది. అయితే అది గూటి నుంచి ఎక్కువ దూరం పోదు, సాధారణంగా పది మీటర్ల లోపే తిరుగుతుంది. కాబట్టి ఒక బోను నాలుగు రాత్రులు పెట్టడం కంటే నాలుగు బోనులు ఒకే రాత్రి పెట్టడం మేలు. మేము చిన్న చెక్కపెట్టె బోనులు ఐదు తెచ్చి, జాడలు కనిపించిన చోట్ల నోరు గోడ వెంట ఉండేలా పెట్టాము. ఎరగా ఎండుకొబ్బరి ముక్కను పొయ్యి మీద కమ్మటి వాసన వచ్చేదాకా కాల్చి, కొక్కేనికి దారంతో గట్టిగా కట్టాము. దారం కట్టడం చిన్న పనే గాని కీలకం అక్కడే ఉంది, ఎర ఊడిరాక ఎలుక దానిని లాగుతుంది, లాగితే తలుపు పడుతుంది. తొమ్మిది రాత్రుల్లో పదకొండు పడ్డాయి. ఆ తర్వాత రెండు వారాలు ముగ్గుపిండి మీద ఒక్క అడుగు కూడా లేదు.

బోనులో అప్పుడప్పుడూ ఒకటి పడినా ఇవి ఎందుకు తగ్గవో లెక్క వేస్తే అర్థమవుతుంది. చిట్టెలుక మూడు వారాలు మోసి ఐదారు పిల్లలను పెడుతుంది, ఆ పిల్లలు ఆరేడు వారాలకు ఈడుకు వస్తాయి. వారానికి ఒకదానిని పట్టుకుంటూ, గోడకు రంధ్రం తెరిచి ఉంచితే, మనం పట్టే వేగం వాటి సంతతికి ఏ మూలకూ చాలదు.

పట్టినవాటిని చంపడం మాకు ఇష్టం లేక రెండు కిలోమీటర్ల అవతల, ఇళ్లకు దూరంగా ఉన్న కాలువ గట్టున వదిలాము. వీధి చివర వదిలితే తిరిగి వచ్చేస్తాయి. అక్కడ వాటిని కొంగలు తిన్నాయో పాములు తిన్నాయో చెప్పలేను. జిగురు అట్టలు మాత్రం వాడవద్దని నా అభిప్రాయం. దానికి అతుక్కున్న ఎలుక గంటల తరబడి గిలగిల కొట్టుకుంటుంది, దానిని తీసి పారవేయవలసిన పని మనకే మిగులుతుంది. భారత జంతు సంక్షేమ మండలి కూడా వీటిని నిషేధించమని రాష్ట్రాలకు సూచించింది. ప్లగ్గుకు పెట్టే అల్ట్రాసోనిక్ యంత్రం మేమూ కొన్నాము, దాని కిందనే పెంటికలు పడ్డాయి. ఇటువంటి యంత్రాల ప్రచారానికి తగిన రుజువులు ఉండాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే అరవైకి పైగా సంస్థలను హెచ్చరించింది. కలరా ఉండల వాసనకు ఎలుకల కంటే ముందు మనమే ఇల్లు వదలవలసి వస్తుంది, పైగా పాప వాటిని మింగితే ప్రమాదం.

పెంటికలను చీపురుతో పొడిగా ఊడ్చకండి, ఆ ధూళి గాలిలో లేస్తుంది. ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి వాటి మీద చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, చేతికి తొడుగులు వేసుకొని కాగితంతో తీసేయాలి. ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బులు వస్తాయి కనుక కాళ్లకు చేతులకు గాయాలుంటే ఈ పని ఇంకొకరికి అప్పగించండి. బియ్యం బస్తాను రేకు డబ్బాలోకి మార్చడం, రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో వదలకపోవడం మీకు తెలిసినవే. తెలియనిది బహుశా దేవుడి గది. నూనెలో తడిసిన వత్తులంటే చిట్టెలుకలకు ప్రాణం. అటక మీద పాత దుప్పట్ల పెట్టెలో మాకు దొరికిన గూడు సగం దీపపు వత్తుల పత్తితోనే కట్టి ఉంది. దీపం కొండెక్కాక వత్తి తీసేయడం అప్పటి నుంచి మా ఇంట్లో అలవాటయింది.

సిమెంటు, జాలీ, తలుపు పట్టీ, బోనులు, మేస్త్రీ కూలి అన్నీ కలిపి మాకు అయిన ఖర్చు 1,850 రూపాయలు. అద్దె ఇల్లయితే గోడకు చేయి పెట్టే ముందు యజమానితో ఒక మాట చెప్పండి. మా ఇంటి యజమాని గారు మొదట ఇష్టపడలేదు గాని, కొరికిన గ్యాస్ గొట్టాన్ని చేతికిచ్చాక మరునెల అద్దెలో సగం ఖర్చు తగ్గించుకోమని ఆయనే అన్నారు.