వీపు మీద ఎంత? ట్రెక్కింగ్ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సెప్టెంబరులో నేనూ మా స్నేహితుడూ హిమాచల్‌లో ఆరు రోజులు నడవాలనుకుంటున్నాం. పోర్టర్లు, కంచరగాడిదలు లేకుండా ఎవరి సామాను వాళ్లే మోసుకోవాలి. నా సామాను తూచాను: బ్యాగు 2.2 కిలోలు, ఇద్దరు పట్టే టెంటు 2.9, స్లీపింగ్ బ్యాగు 1.9, ఫోమ్ మ్యాట్ 0.4, బట్టలు 2.3, స్టవ్, గిన్నెలు 1.1, చిల్లర సామాను 1.7. తిండి, నీళ్లు కలిపితే 18 కిలోలు దాటుతోంది. తేలికైన బ్యాగు కొనుక్కుంటే సరిపోతుందా?
— పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: బ్యాగు అన్నిటికంటే చివర కొనండి. లోపలికి వెళ్లేవి తగ్గితేగాని ఎంత బ్యాగు కావాలో తేలదు. ముందే తేలికపాటిది కొని అందులో 18 కిలోలు కుక్కితే, లోపల గట్టి ఫ్రేము ఉండదు కాబట్టి బరువంతా భుజాల మీదికి వస్తుంది.

తిండి, నీళ్లు, గ్యాస్ రోజూ తరిగేవి. అవి పోగా మిగిలినదాన్ని బేస్ వెయిట్ అంటారు. మీది 12.5 కిలోలు. 9 లోపు ఉంటే తేలిక సామాను, 4.5 లోపు ఉంటే అల్ట్రాలైట్. అల్ట్రాలైట్ జోలికి ఇప్పుడే పోకండి. 9 లోపుకి మాత్రం పైసా ఖర్చు లేకుండా రావచ్చు.

టెంటు ఇద్దరిదీ అయినప్పుడు మీరొక్కరే మోయడం దేనికి? ఒకరు గుడ్డ, ఇంకొకరు కడ్డీలు, మేకులు, పైకప్పు పంచుకోండి. 1.45 కిలోలు తగ్గాయి. బట్టల్లో నడిచే జత ఒంటి మీదే ఉంటుంది. సంచిలోకి పడుకోవడానికి ఒక పొడి జత, డౌన్ (పక్షుల మెత్తని ఈకలు నింపిన) జాకెట్, ఫ్లీస్ (మెత్తని వెచ్చని స్వెట్టరు), వానకోటు, వాన ప్యాంటు, టోపీ, గ్లవ్స్, రెండు జతల మేజోళ్లు చాలు. 1.4 కిలోల్లో సరిపోతాయి. వంటకి గ్యాస్ డబ్బా మీద బిగించే స్క్రూ స్టవ్, మూత ఉన్న లీటరు అల్యూమినియం గిన్నె, తలా ఒక చెంచా, ఒక గ్లాసు: అరకిలో. చిల్లర సామానులోనే అసలు దొంగ దాక్కుంటాడు, వాడి పేరు ‘ఎందుకైనా మంచిదని’. రెండో పవర్ బ్యాంకు, నిండు టూత్‌పేస్టు ట్యూబు, షాంపూ సీసా, ఇంకో టార్చి అన్నీ వాడి చుట్టాలే. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉంచితే, ఆరు రోజులకు సరిపోతుంది. రాత్రి రెండింటినీ స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఇక్కడ 700 గ్రాములు పోతాయి. మందుల పెట్టె, తలకు పెట్టుకునే టార్చి, విజిల్ జోలికి పోవద్దు. మొత్తం 8.85 కిలోలకు వచ్చారు.

ఆ తర్వాత డబ్బు పెట్టాలనుకుంటే డౌన్ స్లీపింగ్ బ్యాగు మీద పెట్టండి. అంతే వెచ్చదనం 1.2 కిలోల్లో దొరుకుతుంది. లేబుల్ మీద ‘కంఫర్ట్’ అంకె, అంటే ఎంత చలిదాకా హాయిగా నిద్రపడుతుందో, అది చూడండి. పెద్దక్షరాల్లో వేసేది చాలాసార్లు ‘లిమిట్’ (ఎలాగో ఓర్చుకోగల చలి), దాన్ని నమ్మితే రాత్రంతా వణుకే. డౌన్ తడిస్తే ఉండ కట్టి వెచ్చదనం పోతుందని మరవద్దు. మ్యాట్ మీద పొదుపు చేయకండి: ఒంటి కింద నలిగిన స్లీపింగ్ బ్యాగు చలినేమీ ఆపదు, నేల చల్లదనాన్ని ఆపేది మ్యాటే.

ఖరీదైన సామాను లేనిదే దూరం నడవలేమనుకునేవాళ్ల కోసం ఒక మాట: 1955లో ఎమ్మా గేట్‌వుడ్ 67వ ఏట అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్ మొత్తం, 3,200 కిలోమీటర్లకు పైగా, ఇంట్లో కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని నడిచారు. వానకు ఆవిడ దగ్గరున్నది స్నానాలగదికి కట్టే ప్లాస్టిక్ తెర.

ప్రశ్న: ఎత్తులో పప్పు ఉడకదంటారు. మరి ఇంటి తిండి తీసుకెళ్లాలంటే ఏమిటి, ఎంత? గ్యాస్ ఎంత పడుతుంది?
— పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: సుమారు ప్రతి 300 మీటర్లకూ నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది. 4,000 మీటర్ల దగ్గర 87 డిగ్రీలకే తెర్లుతాయి. అందుకే పప్పు గంటసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. ఇంట్లోనే సగం వంట చేసి పట్టుకెళ్లండి.

మనిషికి రోజుకు 600 నుంచి 700 గ్రాముల పొడి తిండి లెక్క వేసుకోండి. గ్రాముకు ఎక్కువ శక్తినిచ్చేవి ఏరుకోవడమే కిటుకు: 100 గ్రాముల నెయ్యిలో సుమారు 900 కేలరీలు, పల్లీల్లో 570 దాకా, అటుకుల్లో 350. సున్నుండలు, పల్లీ చిక్కీ, నువ్వుల ఉండలకు మించిన ఎనర్జీ బార్లు లేవు.

ఉప్మాకి: బొంబాయి రవ్వ 80 గ్రాములు నేతిలో దోరగా వేయించి, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టండి. పోపులో తడి పూర్తిగా పోవాలి, లేదంటే మూడో రోజుకే ముక్క వాసన వస్తుంది. ఉప్పు కలిపి, చల్లారాక ఒక్కొక్క పూటకు ఒక్కో జిప్ కవరు. అక్కడ 250 మి.లీ. నీళ్లు తెర్లాక రవ్వ పోసి, నిమిషం సన్నమంట మీద కలిపి, మూత పెట్టి, గిన్నెను ఫ్లీస్‌లో చుట్టి పది నిమిషాలు వదిలేయండి. ఆ నిమిషం మంట మానేస్తే నడుమ పచ్చిగా ఉండిపోతుంది. ఆవకాయ సీసా వద్దు. గాజు బరువు, నూనె కారితే స్లీపింగ్ బ్యాగు గతి అంతే. కారప్పొడి చాలు.

గ్యాస్ లెక్క: గాలి తగలకపోతే లీటరు నీళ్లు తెర్లడానికి 10 నుంచి 12 గ్రాములు. ఇద్దరికి రోజుకు మూడు లీటర్లనుకుంటే ఆరు రోజులకు 180 నుంచి 216. 230 గ్రాముల డబ్బా సరిగ్గా సరిపోతుంది. గాలి ఎక్కువైతే ఈ లెక్క తప్పుతుంది కాబట్టి రెండో చిన్న డబ్బా ఉండాలి. (ఇది మాత్రం ‘ఎందుకైనా మంచిదని’ కాదు!) గాలికి అడ్డుగా రేకు పెట్టినా డబ్బా చుట్టూ మూసేయకండి, వేడెక్కి పేలుతుంది. టెంటు లోపల వెలిగించకండి, కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు. హోటళ్లలో వాడే పొడుగు బ్యూటేన్ డబ్బాలు ఎత్తులో పనికిరావు: బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినది కొనండి, అదీ, హిమాచల్ వెళ్లేవాళ్లయితే, మనాలీ చేరాక. విమానంలో గ్యాస్ డబ్బాని చెకిన్ లగేజీలోనూ రానివ్వరు, రైల్లోనూ నిషిద్ధం. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

ప్రశ్న: అక్టోబరు మొదట్లో కర్ణాటకలోని కుమార పర్వతం వెళ్తున్నాం. రెయిన్ కవరు వేసినా కిందటిసారి బ్యాగులో అన్నీ తడిశాయి. జలగల సంగతేమిటి?
— పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: కవరు బ్యాగుకి బయటి వైపే. వీపు వైపు నుంచి, పట్టీల వెంట నీళ్లు దిగుతూనే ఉంటాయి. లోపల మందపాటి పాలిథిన్ సంచి ఒకటి పరచండి. పొడిగా ఉండాల్సినవన్నీ అందులో వేసి, గాలి పిండేసి, మూతి మెలితిప్పి మడిచి పెట్టండి. తడి వానకోటు ఆ సంచికి బయట ఉండాలి. జీన్స్ వేసుకోకండి, తడిస్తే ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి.

జలగలకు మోకాలిదాకా వచ్చే, నేత దగ్గరగా ఉన్న లీచ్ సాక్సులే గట్టి మందు. పట్టుకుంటే గోటితో పక్కకు నెట్టి ఊడదీయండి. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం అది వదులుతుంది కాబట్టి కొంతసేపు కారుతుంది. కడిగి, గుడ్డతో అదిమి పట్టండి. అగ్గిపుల్లతో కాల్చొద్దు. ఆ దారి పుష్పగిరి అభయారణ్యంలోది, అటవీశాఖ అనుమతి తీసుకున్నాకే బస్సు టికెట్ కొనండి.

ప్రశ్న: బరువైన బూట్లా, మామూలు ట్రెయిల్ రన్నింగ్ షూసా?
— పాఠకురాలు, కె.ఆర్. పురం

జవాబు: మంచు లేకపోతే షూసే. కాలికి కట్టిన బరువు వీపు మీది బరువుకంటే ఎన్నో రెట్లు అలుపు తెస్తుంది. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బినప్పుడు, మేజోళ్లు వేసుకుని కొనండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకి కొట్టుకోకుండా వేలికొస ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మంచులో, క్రాంపాన్లు (జారకుండా బూట్ల కింద కట్టే ఇనుప పళ్లు) కట్టేచోట గట్టి బూట్లే.

ప్రశ్న: నీళ్ల ఫిల్టరు ఉంటే క్లోరిన్ బిళ్లలు ఎందుకు?
— పాఠకుడు, బన్నేరుఘట్ట రోడ్డు

జవాబు: 0.1 మైక్రాన్ ఫిల్టరు బ్యాక్టీరియాను ఆపుతుంది, వైరస్‌లు దాటిపోతాయి. ఊళ్ల కింది వాగు నీళ్లయితే ముందు వడకట్టి, తర్వాత బిళ్ల వేసి అరగంట ఆగండి. నీళ్లు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. బురద నీళ్లలో నేరుగా వేస్తే క్లోరిన్ బురదకే ఖర్చయిపోతుంది. ఫిల్టరు ఒక్కసారి గడ్డకట్టినా లోపలి సన్నగొట్టాలు చిట్లుతాయి, పైకి ఏమీ తెలియదు. చలి రాత్రుల్లో దాన్ని కవరులో కట్టి పక్కలో పెట్టుకోండి.