సోమాలీ పిల్లలతో ప్రోగ్రామ్ పెట్టాలంటే: నేను ఒకసారి చెడగొట్టి నేర్చుకున్నది

మీరు అడిగింది ఇది: అమెరికాలో, కొలంబస్‌లోని మీ అపార్ట్‌మెంట్ దగ్గర శనివారాలు సోమాలీ పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. తమ గురించి జనంలో ఉన్న చెడు అభిప్రాయం పోయేలా ఏదైనా ప్రోగ్రామ్ పెడదామని వాళ్లు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, తెలుగువాళ్లుగా మీరు అందులో ఎంతవరకు దూరాలి? నేను మినియాపొలిస్‌లో ఇలాంటివి రెండింట్లో ఉన్నాను. మొదటిది సగం నావల్లే చెడింది కాబట్టి జవాబు కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు నా సంగతి ఒప్పుకోవాలి. చిన్నప్పుడు కంచంలో అన్నం వదిలేస్తే మా అమ్మ "సోమాలియా పిల్లాడిలా తయారవుతావురా" అనేది. 1992 కరువు ఫొటోలు పేపర్లో చూసిన తరం మాది. ఆ దేశం అంటే మాకు తెలిసింది ఆ ఎముకలగూళ్లే, ఆ తర్వాత సముద్రపు దొంగలు. ఈ రెండూ బుర్రలో పెట్టుకునే నేను సీడర్-రివర్‌సైడ్‌లో హోమ్‌వర్క్ చెప్పడానికి వెళ్లాను. రంగురంగుల పలకలతో ఉండే రివర్‌సైడ్ ప్లాజా టవర్లు ఉన్న పేట అది. 1991లో సోమాలియాలో ప్రభుత్వం కూలిపోయాక వచ్చిన కుటుంబాలు చాలా ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డాయి. నా దగ్గర కూర్చునే పిల్లల్లో ఎక్కువమంది సోమాలియాను కంటితో చూడలేదు. ఇక్కడే పుట్టారు, మంచులోనే పెరిగారు.

2022 వేసవిలో వాళ్లు ప్రోగ్రామ్ అనగానే నేను ఆఫీసులో చేసే పనే అక్కడా చేశాను. పవర్‌పాయింట్, ముప్పై స్లైడ్లు. ఒక్కో స్లైడ్‌లో ఎడమవైపు ఒక అపోహ, కుడివైపు దానికి జవాబు. మేం దొంగలం కాదు, మేం తీవ్రవాదులం కాదు, మేం ఊరికే కూర్చుని తినం. వెనక బెంచీలో కూర్చున్న పదహారేళ్ల అమ్మాయి అన్నీ చూసి, "అదేర్, ఇది చూశాక నాకే మా మీద డౌట్ వస్తోంది" అంది. అదేర్ అంటే వాళ్ల భాషలో బాబాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, స్లైడ్లు మాత్రం మార్చలేదు.

ఆ రోజు అరవై కుర్చీలు వేశాం. బయటివాళ్లు పదకొండుమంది వచ్చారు. అందులో నలుగురు నా మొహమాటానికి వచ్చిన ఆఫీసువాళ్లు. మిగతా కుర్చీల్లో పిల్లల తల్లులు, మేనత్తలు. వాళ్ల పిల్లలు తీవ్రవాదులు కారని ఆ తల్లులకే నేను స్లైడ్ వేసి చూపించాను! ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అందుకే నా మొదటి సలహా: "కాదు" అనే మాటతో ఏదీ మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే ఎదుటివాడు వేసిన నింద చుట్టూనే సాయంత్రమంతా గడిచిపోతుంది. రెండోది, మీ హాలుకు రమ్మని ఎదురుచూడకండి. సోమాలీలంటే భయపడేవాళ్లు సోమాలీల హాలుకు ఎలాగూ రారు. మరుసటి ఏడాది పిల్లలు ఈ రెండూ వాళ్లంతట వాళ్లే సరిచేశారు. నన్ను స్లైడ్ల దగ్గరికి రానివ్వలేదు. మా పేట వదిలేసి, ఊరికి ఇంకో మూల, ఎక్కువగా తెల్లవాళ్లు ఉండే చోట ఒక పార్కు భవనం అద్దెకు తీసుకున్నారు. జూలై 1 మాత్రం వద్దన్నారు. 1960లో ఉత్తర, దక్షిణ ప్రాంతాలు కలిసి సోమాలియా ఒకే దేశమైన రోజు అది. ఆ తేదీ చుట్టుపక్కల ఇక్కడ లేక్ స్ట్రీట్‌లో పెద్ద సంబరమే జరుగుతుంది, దానితో పోటీ ఎందుకని వాళ్ల లెక్క. జూలై నెలాఖరు శనివారం పెట్టుకున్నారు. సూర్యాస్తమయం కాగానే చేసే మగ్రిబ్ నమాజు అప్పటికి ఇక్కడ రాత్రి తొమ్మిదికి కాస్త ముందు కాబట్టి సాయంత్రమంతా చేతిలో ఉంటుంది. చలికాలంలో పెడితే నాలుగున్నర దాటగానే హడావిడి పడాలి.

స్టేజీ లేదు, ఉపన్యాసం లేదు. నాలుగు టేబుళ్లు, అంతే. అన్నిటికన్నా బాగా పనిచేసింది పేర్ల టేబుల్. సోమాలీలకు మనలాగా ఇంటిపేరు ఉండదు. సొంత పేరు, తర్వాత తండ్రి పేరు, ఆ తర్వాత తాత పేరు. వచ్చినవాళ్ల పేర్లు ఆ పద్ధతిలో రాసి కార్డు ఇవ్వడమే ఆ టేబుల్ పని. తాత పేరు అడగగానే సగంమంది ఫోన్ తీసి ఇంటికి కాల్ చేశారు. ఎనభై దాటిన ఒక పెద్దాయన కాసేపు ఆలోచించి, తన ఇంటిపేరు ఆండర్సన్ అనీ, అంటే ఆండర్స్ కొడుకు అనీ, వాళ్ల పూర్వీకులదీ ఇదే పద్ధతనీ చెప్పాడు. ఆ తర్వాత ఆయన కదల్లేదు. పిల్లలుండే సీడర్ అవెన్యూను ఒకప్పుడు స్నూస్ బూలెవార్డ్ అనేవారని వాళ్లకు కథ మొదలుపెట్టాడు. స్వీడన్, నార్వేల నుంచి వచ్చిన కూలీలు పెదవి కింద పెట్టుకునే పొగాకును స్నూస్ అంటారట. వాళ్ల పేట పుట్టుపూర్వోత్తరాలు పిల్లలకు ఆయన నోటనే మొదటిసారి తెలిశాయి. కార్డు రాసే అబ్బాయి వెనక లైను పెరిగిపోతున్నా ఎవరూ విసుక్కోలేదు.

తిండి గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. సంబూస్, హల్వో, షాహ్ అంటే మనకు అనువాదమే అవసరం లేదు. యాలకులు, దాల్చినచెక్క వేసిన టీయే షాహ్. అంజేరో అంటే ఒకవైపే కాల్చిన, చిల్లులు పడ్డ పుల్లట్టు అనుకోండి. అన్నంలో అరటిపండు కలుపుకోవడం చూసి మన తెలుగువాళ్లు మొహం చిట్లించారు, తర్వాత రెండోసారి వడ్డించుకున్నారు. ఒకటే జాగ్రత్త: ఇంట్లో వండినది బయటి జనానికి పెట్టడానికి ఊరినిబట్టి పర్మిట్లు ఉంటాయి. మేం లైసెన్సున్న దుకాణంలోనే కొన్నాం.

చివరి టేబుల్ దగ్గర ఒక అమ్మమ్మ కూర్చుంది. ఆవిడ చెప్పినది బురాంబుర్, ఆడవాళ్ల కవిత్వం. పక్కన ఇద్దరు చప్పట్లతో తాళం వేశారు. ముందటేడు నా స్లైడ్లను ఏకిన అమ్మాయే ఇంగ్లీషులో చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసి, "ఇది ఇంగ్లీషులో చచ్చిపోతోంది, అర్థం వదిలేయండి, శబ్దం వినండి" అంది. పాదం పాదంలోనూ ఒకే అక్షరంతో మొదలయ్యే మాట ఒకటి పడాలట, కవిత చివరిదాకా అదే అక్షరం నడవాలట. మన పద్యాల్లో కూడా యతి, ప్రాస ఉన్నాయని నేను ఉత్సాహంగా చెప్పాను. అయితే ఒకటి చెప్పమంది అమ్మమ్మ. బడిలో బట్టీపట్టిన ఉత్పలమాల ఎత్తుకుని రెండో పాదంలోనే ఆగిపోయాను. ఆవిడ నావైపు జాలిగా చూసి ఇంకో కప్పు షాహ్ పోయించింది.

ఇక చిక్కులు. ఎవరినీ ఏ తెగ అని అడగకండి. మన దగ్గర కొత్తవాళ్లను "మీరేమిట్లు?" అని ఆరా తీసినట్టే ఉంటుంది, గది చల్లబడిపోతుంది. జెండా దగ్గర కూడా జాగ్రత్త. నీలం మీద తెల్ల నక్షత్రం ఉన్న సోమాలియా జెండా పెట్టేస్తే సరిపోతుందని నేను అనుకున్నాను. కానీ ఉత్తరాన హర్గేసా వైపు కుటుంబాలకు 1991లో విడి దేశంగా ప్రకటించుకున్న సోమాలీలాండ్ జెండా వేరే ఉంది. మా పిల్లలు రెండు వారాలు కొట్టుకుని చివరికి ఏ జెండా పెట్టలేదు, పేర్ల టేబుల్ మీద నీలం గుడ్డ పరిచారు. సంగీతం కొన్ని ఇళ్లలో సమ్మతం కాదు, ఆడ మగ కలిసి డాన్స్ చేయడం మరీను. అది మీరు తేల్చే విషయం కాదు, తల్లులతో పిల్లలే మాట్లాడుకోవాలి. ఫొటోలు వద్దనేవాళ్లకు పసుపు స్టిక్కర్ ఇచ్చాం, ఆ స్టిక్కర్ కనపడితే కెమెరా దించాల్సిందే. నాయకులను పిలవలేదు. సోమాలియాలో పుట్టిన ఇల్హాన్ ఒమర్ 2018లో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కు గెలిచింది ఇక్కడినుంచే, పిల్లల్లో ఆవిడంటే ప్రాణం పెట్టేవాళ్లున్నారు. అయినా ఆవిడ వస్తే మర్నాడు మాటలన్నీ ఆవిడ గురించే ఉంటాయని వాళ్లే వద్దన్నారు.

ఒక ప్రశ్న మాత్రం వచ్చి తీరుతుంది, సిద్ధంగా ఉండండి. 2022లో ఇక్కడ పిల్లల భోజన పథకం నిధులు కాజేసిన కేసు బయటపడింది, నిందితుల్లో చాలామంది సోమాలీ మూలాలవాళ్లు. ఒకాయన షాహ్ తాగుతూ పదిహేనేళ్ల కుర్రాడిని దాని గురించి నిలదీశాడు. నేను అడ్డుపడబోయాను, వాడు చెయ్యి అడ్డంపెట్టాడు. "దొంగతనం చేసినవాళ్లు జైలుకెళ్లాలి. నాకు సోమవారం సమ్మర్ స్కూల్లో కెమిస్ట్రీ పరీక్ష ఉంది" అన్నాడు. దాని మీద వాదించడానికి ఆయనకు ఏమీ మిగల్లేదు. ఇలాంటి ప్రశ్నలు ముందే పిల్లలతో కూర్చుని అనుకోండి, కానీ జవాబులు మీరు రాసివ్వకండి. బట్టీపట్టిన జవాబు వినగానే తెలిసిపోతుంది.

మీ పాత్ర అంటారా? రెండో ఏడాది నాకిచ్చిన పని హాలు కాగితాల మీద సంతకం, ఇన్సూరెన్సు ఫారం, ఐస్ మోయడం, రాత్రి పిల్లలను ఇళ్ల దగ్గర దింపడం. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పిలుపు పెట్టి పద్నాలుగు కుటుంబాలను రప్పించడం కూడా నా లెక్కలోనే వేశారు. అది మీరు తప్పక చేయండి, మనవాళ్లకూ ఆ షాహ్ అవసరమే. మా అమ్మ ఆ వేసవి ఇక్కడే ఉంది, తనూ వచ్చింది. అంజేరో పట్టుకుని పిండి ఎంతసేపు పులియబెట్టారని అమ్మమ్మను తెలుగులోనే అడిగింది. ఆవిడ సోమాలీలోనే జవాబిచ్చింది. ఎంతసేపో నాకైతే అర్థం కాలేదు గానీ, మర్నాడు మా వంటింట్లో పిండి నానింది.