పడవ మీద పెరగని పిల్లలకు సెయిలింగ్ వస్తుందా?

హనుమకొండలో ఉండే తొమ్మిదేళ్ల పాపకు తెరచాప పడవల పిచ్చి పట్టిందని, పుట్టినప్పటి నుంచి పడవల్లో ఉన్నవాళ్లకే ఇది అబ్బుతుందా అని అడిగారు.

అదేం లేదు. కాకపోతే వాళ్లకు ఒక లాభం ఉంటుంది. డచ్ అమ్మాయి లారా డెక్కర్ 1995లో, తల్లిదండ్రుల సముద్రయానం మధ్యలో న్యూజిలాండ్‌లో పుట్టింది. మొదటి కొన్నేళ్లు పడవలోనే గడిచాయి. 2012లో, 16 ఏళ్లకే ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చింది. అలా పెరిగిన పిల్లలకు గాలి మళ్లితే చెంపకు తగలగానే తెలిసిపోతుంది. మిగతావాళ్లు దాన్ని సాధనతో తెచ్చుకోవాలి.

అసలు విద్యంతా గాలికి ఎదురెళ్లడంలోనే ఉంది. నేరుగా ఏ తెరచాప పడవా పోలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో కాసేపు కుడికి, కాసేపు ఎడమకు వంకరటింకరగా పోవాలి. తెరచాప ముందు అంచు టపటపా కొట్టుకుంటోందంటే పడవను మరీ గాలికి ఎదురు తిప్పారన్నమాట. చుక్కాని కాస్త సర్దగానే గుడ్డ బిగుసుకుని, పడవ ఓ పక్కకు ఒరిగి సాగుతుంది. నీళ్లలోకి దించిన పలక దాన్ని అడ్డంగా కొట్టుకుపోనివ్వదు. మలుపు తిప్పేటప్పుడు మాత్రం తల వంచాలి, లేకపోతే తెరచాప కింది అడ్డకర్ర నెత్తికి తగులుతుంది!

పాపకు ఆప్టిమిస్ట్ సరిపోతుంది. 2.3 మీటర్ల పొడవు, ఒకే తెరచాప, 15 ఏళ్ల వరకు పిల్లల కోసం చేసిన పడవ అది. కొండల మధ్య ఉన్న లక్నవరం చెరువు లాంటి చోట గాలి ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, కొత్తవాళ్లకు టెన్షనే. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో యాట్ క్లబ్ పిల్లలకు నేర్పుతుంది, వేసవి సెలవుల్లో కనుక్కోండి. ఈత మాత్రం ఇప్పుడే మొదలుపెట్టించండి.