హాస్టల్‌లో ఉన్న కొడుకు గురించి తమ్మునికి

చిరంజీవి తమ్మునికి అక్క ఆశీస్సులు.

బాబును హనుమకొండ హాస్టల్‌లో చేర్చినప్పటి నుంచి, వాడు ఇంటికి వచ్చినప్పుడల్లా గంజాయి ఉందేమోనని సంచీ, జేబులూ వెతుకుతున్నావని మరదలు చెప్పింది. గంజాయి జేబులోకి రాకముందే దాని మీద పిల్లవాని అభిప్రాయం మెత్తబడుతుంది. "ఆకే కదా, సిగరెట్టు కంటే నయం", "అందరూ తాగుతున్నారు" అనే మాటలను వాడు నమ్ముతున్నాడా అన్నది ముందుగా కనుక్కో.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం 1975 నుంచి ఏటా బడి చివరి తరగతి విద్యార్థులను ఈ విషయమే అడుగుతున్నది. తరచుగా గంజాయి తాగడం చాలా ప్రమాదమన్నవారు 1978లో నూటికి 35 మంది ఉండగా 1991 నాటికి 79 మంది అయ్యారు. ఏడాదిలో ఒక్కసారైనా తాగినవారు 1979లో సగం మంది ఉండగా 1992లో 22 మందికి తగ్గారు. ఆ కాలమంతా అది సులభంగా దొరుకుతుందన్నవారు నూటికి ఎనభైకి పైనే ఉన్నారు, అంటే వాడకం తగ్గింది సరుకు దొరకక కాదు. అయితే ఈ శతాబ్దంలో ప్రమాదమనే భావన బాగా సడలినా వాడకం అంతగా పెరగలేదు కనుక, అభిప్రాయమే సర్వస్వమని నేననను. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు నుంచి మన వైపు వచ్చే సరుకును ఆపడం మాత్రం నీ చేతిలో లేదు.

భయపెట్టడానికి అబద్ధం చెప్పకు. ఒక్కసారి తాగితే పిచ్చెక్కుతుందంటే, తాగి మరునాడు మామూలుగా క్లాసుకు వచ్చిన స్నేహితుణ్ణి చూసి వాడు నీ మిగిలిన మాటలు కూడా కొట్టిపారేస్తాడు. తరచుగా తాగేవారికి మత్తు దిగాక కూడా ఏకాగ్రత, జ్ఞాపకం కొంతకాలం మందగిస్తాయనీ, చిన్న వయసులో మొదలుపెట్టినవారికి అది వ్యసనంగా మారే అవకాశం ఎక్కువనీ చెప్పు; ఎప్‌సెట్‌కు చదువుతున్నవానికి అది అర్థమవుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం కిలో లోపు గంజాయి దొరికినా ఏడాది వరకు జైలు పడవచ్చని కూడా చెప్పు. "అందరూ" అంటే ఎందరో వాణ్ణే లెక్కపెట్టమను, పేర్లు అడగకు. సాధారణంగా ఆ లెక్క నలుగురైదుగురి దగ్గరే ఆగుతుంది. ఇక సినిమాలో గంజాయి హాస్యం వచ్చినప్పుడు నీవు పగలబడి నవ్వడం వాడు చూస్తూనే ఉంటాడు, అది కూడా కొంచెం ఆలోచించు.

ఒకవేళ ఇప్పటికే రుచి చూశాడని తెలిస్తే, చేసిన పనిని సమర్థించుకోవడానికి అభిప్రాయం మరింత మారిపోతుంది కనుక వాదనతో పని జరగదు. కొట్టకుండా, బంధువుల్లో చాటకుండా, మత్తు అలవాటు మాన్పించే 14446 సహాయవాణికి ఫోన్ చేయి, లేదా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించు. నీవు ఒక్కడివే వెళ్లలేనంటే నేను తోడు వస్తాను.

మీ అక్క